కత్తిరింపుల పుస్తకము: ఉప్పుగాలి సీమలో ఒక సమీక్ష

కృష్ణానది పులిగడ్డకడ రెండు పాయలుగా చీలి, దివిసీమను ఆ రెండింటి నడుమ నిలిపి, హంసలదీవి చెంత సాగరమున సంగమించు ఈ ప్రాంతమున, అటకమీద ఒక రేకుపెట్టె లేని యిల్లు అరుదు. మాసిన శుభలేఖలు, దారముతో కట్టిన ఇన్లాండు ఉత్తరములు, మూలలు చిరిగిన సినిమా పాటల పుస్తకములు, పత్రికలనుండి కత్తిరించి మడిచిన వార్తలు, వెనుక ఏ వ్రాతయు లేనందున ఎవరివో చెప్పజాలని ఛాయాచిత్రములు అందు కలగాపులగముగా పడియుండును. వీనిని ఏరి, వరుసపెట్టి, ఒక పుస్తకమున కూర్చి, ప్రక్కన నాలుగు మాటలు వ్రాసి దాచుకొను పనిని నేడు పిల్లలు బడిలో ప్రాజెక్టు పేరను, పెద్దలు స్క్రాప్‌బుక్కు అను పేరను చేయుచున్నారు. క్రొత్తగా ఈ పనికి పూనుకొనువారిని వేధించు ప్రశ్న ఒక్కటే: కాగితముపై కూర్చుట మేలా, ఫోనులోను కంప్యూటరులోను కూర్చుట మేలా?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పువారిలో పెక్కుమంది రంగుకాగితములు, మెఱుపు స్టిక్కర్లు, పూలతీగల అంచులు మున్నగు అలంకారసామగ్రి వర్ణనతోనే కాలక్షేపము చేయుదురు. అలంకారమును నేను నిషేధింపను. కాని అది కట్టకడపటి మాట. ఒక పుట నిలుచునో నిలువదో తేల్చునవి వేరు: ఈ తేమలో ఆ కాగితము బ్రదుకునా, అది ఎవరిదో ఎప్పటిదో ఎచ్చటిదో పుటయే చెప్పునా, ఈ యిల్లు మునిగిన నాడు దాని ప్రతి మరియొకచోట నుండునా. ఈ మూడింటిని గీటురాయిగా గొని కాగితమును, కంప్యూటరును రెండింటిని పరీక్షించుటయే యిచటి యుద్దేశము.

ఈ విద్య పుట్టుపూర్వోత్తరములను విస్తరింప నవసరము లేదు. ఇంగ్లండున జేమ్సు గ్రేంజరు 1769లో ప్రకటించిన జీవితచరిత్రల గ్రంథమున, పాఠకులు తాము సేకరించిన చిత్తరువులను చేర్చి అంటించుకొనుట ఒక వేడుకయై ప్రబలెను. అమెరికా హాస్యరచయిత మార్క్ ట్వేను, పుటలపై ముందుగనే జిగురు పూసిన స్క్రాప్‌బుక్కునకు 1873లో పేటెంటు పొందెను. తడిచేసినంతనే అంటుకొను ఆ పుస్తకమును మన బందరునకు తెచ్చియుండినచో, శ్రావణమాసము దాటునప్పటికి మనిషి చేయి తగులకయే పుటలన్నియు ఒకదానికొకటి అంటుకొని యుండెడివి. 1980లో సాల్ట్‌లేక్ నగరమున జరిగిన ప్రపంచ దస్తావేజుల మహాసభలో మారియెలెన్ క్రిస్టెన్సెన్ తన కుటుంబపు సంపుటములను ప్రదర్శించినది మొదలు, ఆ దేశమున నిది ఒక వ్యాపారముగా పెరిగినది.

మనకు మిక్కిలి సన్నిహితమైన ఉదాహరణము వేరొకటి కలదు. ఇండియా ఆఫీసున భారతదేశపు ఉత్పత్తుల వ్యవహారములు చూచిన జాన్ ఫోర్బ్స్ వాట్సను, ఈ దేశపు వస్త్రములను ముక్కలుగా కత్తిరించి, 18 సంపుటములలో 700 నమూనాలను అంటించి, ఒక్కొక్క ముక్క క్రింద దాని కొలతలు, ఊరు, ఉపయోగము మున్నగు వివరములు పొందుపఱచి, 1866లో అట్టి 20 ప్రతులను సిద్ధపఱచెను. మన నేతగాండ్ర పనితనమును మాంచెస్టరు మరలవారు అనుకరించుటకై చేసిన పుస్తకమది. కావున దాని యుద్దేశమును మెచ్చుకొనుట కష్టము. అయినను ఆ ముక్కలు నేటికిని చరిత్రకారులకు పనికివచ్చుచున్నవన్నచో, అందుకు కారణము ముక్క క్రింది వ్రాత. ఆ వ్రాత లేనిచో అవి దర్జీకొట్టులో మిగిలిన పేలికలతో సమానము.

ఇక మన యింటి సంప్రదాయము. వారపత్రికలలో వచ్చు ధారావాహిక నవలలను వారము వారము చింపి, చివరి భాగము వెలువడిన పిదప బైండింగు చేయించుకొనుట, బందరు, గుడివాడ ప్రాంతములలో చదువరులైన గృహిణులు తరతరములుగా నడపిన పని. బాపు బొమ్మలతో కూడిన ఆ కుట్టు పుస్తకములలో కొన్ని, అచ్చైన నవలకంటె ఎక్కువ విలువగలవి. ఏలయన నవల పుస్తకరూపమున వచ్చినప్పుడు ఆ బొమ్మలు సాధారణముగా రాలిపోవును. చందమామ, యువ పత్రికలపై వడ్డాది పాపయ్య చిత్రించిన ముఖచిత్రములను ఊడదీసి అట్టపై అంటించి గోడకు వ్రేలాడగట్టుకొన్నవారును కలరు. నిమ్మకూరున జన్మించిన నందమూరి తారక రామారావు, గుడివాడ సమీపపు రామాపురమున జన్మించిన అక్కినేని నాగేశ్వరరావు ఈ మండలమువారే యగుటచే, వారి చిత్రముల పాటల పుస్తకములు, ప్రకటనలు, బొమ్మలు సేకరించుట ఇచ్చటి కుఱ్ఱవాండ్రకు దాదాపు స్వజనాభిమానముతో సమానముగా నుండెడిది.

కాని ఈ సంప్రదాయమున ఒక లోపము మాత్రము అన్నింటను కానవచ్చును. ధారావాహికను చింపినవారు కథ యున్న పుటలను మాత్రమే చింపిరి. పత్రిక పేరును తేదీయు నున్న అట్ట చిత్తుకాగితములవానికి పోయెను. నేడు అట్టి పుస్తకమును తెఱచినవారికి కథ తెలియును, బొమ్మ తెలియును, అది ఏ యేటిదో తెలియదు. పుటల వెనుకనున్న తలనూనె ప్రకటనలో ధరను చూచి కాలమును ఊహించుకొనవలసి వచ్చుచున్నది.

దీనికి భిన్నముగా, పేరును మూలమును విడువక కూర్చిన సంకలనమునకు ఈ సీమలోనే ఒక సాక్ష్యమున్నది. బందరు చెంతనున్న భట్లపెనుమఱ్ఱున జన్మించిన పింగళి వెంకయ్య, పరదేశముల పతాకములను పరిశీలించి, భారతదేశమునకు తగిన జెండా నమూనాలను 30కి పైగా చూపుచు 1916లో ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. ఒకే విషయము, పెక్కు నమూనాలు, ప్రక్కన వివరణము: క్రొత్తగా ప్రారంభించువాడు కూడ తన పుస్తకమునకు ఇట్టి హద్దునే గీచుకొనవలెను. 'మా కుటుంబము' అని మొదలిడినచో పది పుటలకే విసుగు పుట్టును. 'మా యింటి శుభలేఖలు' అనియో, 'హంసలదీవి మాఘపౌర్ణమి తిరునాళ్ళు' అనియో, 'మా వీథి వరికోతలు' అనియో మొదలిడినచో పుస్తకము ముగియును. ముగిసిన పుస్తకమే రెండవ పుస్తకమునకు ప్రోత్సాహము.

ఈ సీమకు జ్ఞాపకములను దాచుకొనుట ఏల కఠినమైన పనియో చెప్పక ముందునకు సాగరాదు. 1864 నవంబరు 1వ తేదీ తుపానులో సముద్రము బందరుపై విరుచుకుపడి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచెత్తగా అధికారుల లెక్కప్రకారమే మృతులు 10,000కు సమీపించిరి. సొర్లగొంది వంటి గ్రామములు పేరునకు మాత్రమే మిగిలినవి. మనుష్యులు, పశువులు, ఇండ్లు పోయినచోట కాగితముల మాట తలచుట పాపమనిపించును. అయినను, ఆనాడు బ్రదికి బయటపడిన అనేకులకు తలిదండ్రుల ముఖము చూచుకొనుటకు ఒక్క ఛాయాచిత్రమైనను మిగులలేదను సంగతి సత్యము. కొన్ని కుటుంబములకు మిగిలిన చిత్రములు, అంతకుముందే హైదరాబాదునకో మద్రాసునకో తరలిన బంధువుల ఆల్బములలో నున్నవి. రెండవ ప్రతి పరాయి ఊర నుండవలెనను నియమమును ఏ నిపుణుడును చెప్పకముందే ఈ సీమకు సముద్రము నేర్పినది.

ఇక కాగితపు సంగతి విచారింతము. వార్తాపత్రిక కాగితము చెక్కగుజ్జుతో చేయబడునది. అందలి లిగ్నిను అను పదార్థము వెలుతురు, గాలి తగిలి పసుపుబాఱి, ఆమ్లముగా మారి, కాగితమును పెళుసు చేయును, ప్రక్కనున్న ఛాయాచిత్రమునకును ఆ మరకను అంటించును. కావున వార్తను కత్తిరించిన వెంటనే మంచి తెల్లకాగితముపై జెరాక్సు తీయించి, పుస్తకమున ఆ నకలునే అంటించి, అసలును వేఱొక కవరులో నుంచుట మేలు. దినపత్రికల జిల్లా అనుబంధములకు ఈ జాగ్రత్త మఱింత అవసరము: నాగాయలంకలో పడవ పందెములు జరిగినవనియో, కోడూరులో పంట చేలలోనికి ఉప్పునీరు ఎగదన్నినదనియో ఆ పుటలలోనే వచ్చును, రాష్ట్రపుటలకు ఎక్కదు, దూరపు గ్రంథాలయములలో దొరకదు. ఆర్టీసీ యంత్రమిచ్చు టిక్కెట్టు వేడికి రంగుమాఱు కాగితము. దానిపై అక్షరములు ఏడాదికో రెండేండ్లకో ఆవిరియగును గనుక, దానికిని జెరాక్సే శరణ్యము.

జిగురు విషయమున మన అలవాటు మైదాపిండి. ఉడికించిన పిండిజిగురు కాగితమునకు మంచిదే; ప్రపంచమున గ్రంథపరిరక్షకులు నేటికిని గోధుమపిండి గంజినే వాడుదురు. కాని పిండి యున్నచోటికి రామబాణపు పురుగు, చెదలు వెంటనే చేరును. వానిని తరుముటకు బైండింగువారు జిగురులో మైలుతుత్తము కలుపుదురు. పురుగు చచ్చుట నిజమే, కాని అందలి రాగి కాలక్రమమున కాగితమునే తినివేయును. ఇక సెల్లోటేపు సంగతి అందరికిని అనుభవమే: కొన్నియేండ్లకు ప్లాస్టిక్కు ఊడిపడి, గోధుమరంగు బంక మాత్రము శాశ్వతముగా నిలుచును. పుటపై ప్లాస్టిక్కు పొర కప్పి అంటించు ఆల్బములు, ఒకప్పుడు ప్రతి పెండ్లికిని స్టూడియోవారు ఇచ్చినవి, ఛాయాచిత్రములకు చేసిన అపకారము ఇంతింతనరాదు. వానికంటె ముందుతరమువారి నల్లఅట్టల ఆల్బము, పుటపుటకు నడుమ బటరు పేపరు, చిత్రపు నాలుగు మూలలకు కాగితపు తొడుగులు, ఎంతయో మేలైనది.

ఆ తొడుగును ఇంట చేసికొనుట సులభము. వ్రేలెడు పొడవు, అరయంగుళము వెడల్పుగల గట్టి కాగితపు ముక్కను తీసికొని, నడిమిభాగము కొనదేలునట్లు రెండు చివరలను క్రిందికి మడిచినచో చిన్న త్రికోణపు సంచి యేర్పడును. దానిని చిత్రపు మూలకు తొడిగి, మడతల వెనుకభాగమునకు మాత్రమే జిగురు పూసి పుటకు అంటింపవలెను. చిత్రమునకు బంక తగులదు. ఎప్పుడు కావలసిన అప్పుడు ఊడదీసి వెనుక వ్రాత చదువుకొనవచ్చును. ఆ వెనుక వ్రాతయు మెత్తని పెన్సిలుతో వ్రాయవలెనే కాని బాలుపెన్నుతో కాదు. బాలుపెన్ను ఒత్తిడి ముందువైపునకు గీతగా పొడుచుకొని వచ్చును, తేమలో సిరా అలుకుకొనును. గుండుసూది, స్టాప్లరు పిన్ను ఈ ఉప్పుగాలిలో ఒక్క వర్షాకాలము చాలు, తుప్పుపట్టి కాగితమున రంధ్రము చేయును.

పెడన, బందరు కలంకారీ గుడ్డముక్కలను పుస్తకమున చేర్చుట ఈ ప్రాంతపు సహజమైన సరదా; అచ్చుదిమ్మెల పనివారి యిండ్లలో పనికిరాని అంచులు అడిగినచో దొరకును. కాని ఆ గుడ్డ కరక్కాయ నీట తడిపినది; అందలి నల్లరంగు, తుప్పుపట్టిన ఇనుమును బెల్లపునీట నానవేసి తీసినది. ఆ నలుపు పడినచోటనే గుడ్డ మొదట చివుకుచుండుట పాత వస్త్రములలో స్పష్టముగా కనబడును. కావున కలంకారీ ముక్కకు ఎదురుపుటలో ఛాయాచిత్రముంచరాదు, నడుమ బటరు పేపరు తప్పనిసరి. శుభలేఖ మూలల పసుపుకును ఇదే న్యాయము. గుడ్డను జిగురుతో అంటించుటకంటె పుటకు నాలుగు నూలుకుట్లు వేయుట మేలు. ఈ పని చేతనైనవారు ప్రతి యింటను ఒకరుందురు.

పుస్తకమును కూర్చుటకు తగిన కాలము, మాఘపౌర్ణమి సముద్రస్నానములు ముగిసి ఎండ ముదిరిన నెలలు. వానకాలమున అంటించిన పుట లోపలి తేమను లోననే బంధించి బూజుపట్టును. దాచుచోటు వెలుపలి గోడకు ఆనక, నేలకు తగులక ఉండవలెను. తాళపత్రములవారు కట్టలలో వసకొమ్ము ముక్కలుంచెడివారు. చెప్పులపెట్టెలలో వచ్చు తేమపీల్చు గుళికల పొట్లములను పాఱవేయక వానితోపాటు ఉంచినచో రెండు కాలముల తెలివియు కలిసివచ్చును.

కంప్యూటరు పక్షమువారి వాదము బలమైనదే. పురుగు లేదు, బూజు లేదు, ఒక్క నిమిషములో ప్రతి అమెరికాలోని మనుమరాలికి చేరును. కాని ఈ పక్షమున జరుగు నష్టము చప్పుడు చేయక జరుగును. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడెను. 2016లో గూగుల్ పికాసాను విరమించెను. 2021 జూన్ 1 నుండి గూగుల్ ఫొటోలకు ఉచితస్థలము తక్కిన సేవలతో కలిపి 15 జీబీకి పరిమితమయ్యెను. పెండ్లి వీడియో కాసెట్టులు బీరువాలలో బూజుపట్టినవి. వానిని ఎక్కించిన సీడీలు కొన్ని తెఱచుకొనుటయే లేదు, తెఱచు యంత్రమును ఇండ్లలో లేదు. ఇన్ని చూచిన పిదప, ఫోనులో నున్నది గనుక భద్రమని ధైర్యపడుట అమాయకత్వము.

అయినను పద్ధతిగా చేసినచో ఫలమున్నది. ఛాయాచిత్రములను అంగుళమునకు 300 చుక్కల చొప్పునను, పాసుపోర్టు సైజు వంటి చిన్నవానిని 600 చొప్పునను స్కాను చేయవలెను. స్కానరు లేనిచో కిటికీ ప్రక్కన, ఎండ నేరుగా పడనిచోట కాగితమును పఱచి, ఫోనును దానికి సమాంతరముగా పట్టి తీయవచ్చును. వాట్సాపులో చిత్రముగా పంపిన ప్రతి చిక్కిపోవును, తీసిన తేదీ మున్నగు అంతర్గత వివరములను పోగొట్టుకొనును. దానినే డాక్యుమెంటుగా పంపినచో యథాతథముగా చేరును. ఇంత చిన్న సంగతి తెలియక ఎన్ని కుటుంబముల చిత్రములు మసకబాఱినవో!

చిత్రమునకు పేరు పెట్టుటలో మొదట సంవత్సరము, పిదప నెల, తేదీ, ఆ తరువాత ఊరు, మనుష్యులు వచ్చునట్లు వ్రాసినచో కంప్యూటరు తానే వరుసలో అమర్చును. తేదీ తెలియనిచో '1970ల నడుమ' అని వ్రాయుటకు సిగ్గుపడనక్కఱలేదు. వివరణములు యూనికోడు తెలుగులోనే యుండవలెను, డి.టి.పి. కొట్టులలో 'అను' ఫాంట్లతో కూర్చిన వ్రాత ఆ ఫాంటు లేని యంత్రమున అర్థములేని గుర్తులుగా మాఱును, వెదకిన దొరకదు. ఉచితముగా లభించు యూనికోడు ఖతులలో, దివిసీమవారి చెవికి చిరపరిచితమైన ఇంటిపేరు గల 'మండలి' చదువుటకు హాయిగా నుండును. కాన్వా వంటి సాధనములలో పుటను అలంకరించుకొనుట సులభమే. కాని అలంకరించిన పుటతోపాటు అలంకరింపని అసలు స్కానును కూడ వేఱుగా దాచవలెను. ఏలయన సాధనము మాఱినచో అలంకారము పోవును.

పెట్టెలో లేనిదానిని వెలుపలనుండి తెచ్చుకొనుటలో కంప్యూటరుకు సాటి లేదు. 1902లో బందరున ఆరంభమై, 1907 మొదలు 1945 వఱకు ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వమున వెలుగొందిన కృష్ణాపత్రిక వంటి పాత పత్రికల సంచికలు కొన్ని నేడు అంతర్జాలముననే చదువ దొరకుచున్నవి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ చేసిన సేవ ఈ విషయమున స్మరింపదగినది. 1918లో వేటపాలెమున స్థాపింపబడిన సారస్వత నికేతనము పాత పత్రికలకు పెట్టినది పేరు. తాతగారు పాల్గొన్న సభ వార్త దొరకినచో అచ్చుతీసి పుస్తకమున చేర్చుకొనవచ్చును, పత్రిక పేరు, తేదీ, పుటసంఖ్య తప్పక వ్రాసికొనుచు. ఇంటి పుస్తకమున అంటించుటకు ఎవరును అడ్డుచెప్పరు. దానినే అందఱు చూచునట్లు అంతర్జాలమున ప్రకటింపదలచినచో మాత్రము రచయిత మరణించిన పిదప 60 ఏండ్ల వఱకు మన చట్టప్రకారము హక్కులుండునని గుర్తుంచుకొనవలెను.

ఈ రెండు పక్షములను తూచిచూడగా, ఒకటి రెండవదానికి బదులు కాదని తేలుచున్నది. క్రొత్తవాడు మొదట కాగితముపై ఇరువది పుటలు కూర్చుట మంచిదని నా అభిప్రాయము. కాగితముపై చోటు తక్కువ గనుక ఏది ఉంచవలెనో ఏది తీయవలెనో నిర్ణయించుకొనక తప్పదు. ఫోనులో చోటు పెక్కు గనుక ఆ నిర్ణయమే జరుగదు, వేయి చిత్రములు పోగుపడును, ఒక్కదానికిని పేరుండదు. మఱియు అమ్మమ్మను, నాయనమ్మను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ చిత్రములోనివారెవరని అడుగుటకు పుస్తకమే అనువు. వారు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాసికొనవలెను. వారి గొంతును ఫోనులో పట్టి ఆ పుటతో జతపఱచినచో కాగితము చేయలేని పనిని యంత్రము చేసినదగును. పుస్తకము ముగిసిన పిదప పుటపుటను స్కాను చేసి, ఒక ప్రతి పెన్‌డ్రైవులో, ఒకటి క్లౌడులో ఉంచి, అచ్చుతీసిన ఇంకొకదానిని దూరపు ఊరి బంధువులకు పంపవలెను. దూరమనగా ప్రక్క వీథి కాదు, అవనిగడ్డ కాదు, బందరును కాదు, 1864ను మఱువరాదు. విజయవాడయో, హైదరాబాదో, డల్లాసో కావలెను.

మిగిలినది వారసత్వపు చిక్కు. కాగితపు పుస్తకమును అటకనుండి దింపినవాడే వారసుడు. క్లౌడులోని పుస్తకమునకు పాస్‌వర్డు కావలెను. రెండేండ్లు వాడని ఖాతాలను తొలగింతుమని గూగుల్ 2023లో ప్రకటించినది. ఖాతాదారుడు మిన్నకున్నచో ఎవరికి అప్పగింపవలెనో ముందుగనే తెలుపుటకు ఆ ఖాతాలోనే ఏర్పాటున్నది గాని, దానిని వాడినవారు మన ఊళ్ళలో బహుస్వల్పము. కావున కాగితపు పుస్తకపు చివరి అట్ట లోపల, ఏ ఖాతాలో ఏ సంపుటమున్నదో, దానిని తెఱవగల యిద్దరు ఎవరో వ్రాసియుంచవలెను. పాస్‌వర్డును మాత్రము అచ్చట వ్రాయరాదు. పెండ్లికి వచ్చిన చుట్టములు ఇంట అడుగిడి మొదట తిరుగవేయునది ఆ పుస్తకమే.